దీన్ దయాళ్ గాజు పలకలు

రాజా దీన్ దయాళ్ ఒక లెక్కన మనందరికీ సీనియర్. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివారు (థామసన్ కాలేజీ, ఇప్పుడది ఐఐటీ). 1866లో ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. అంటే చదువు కాగానే గవర్నమెంట్ జాబ్ కొట్టిన మనిషి. కెమెరా పట్టింది మాత్రం ముప్పై ఏళ్ళకు.

ఈ పేరు నాకు చెప్పింది మా మామ. జగిత్యాలలో ఒకప్పుడు ఆయనకు స్టూడియో ఉండేది, వెనక డార్క్‌రూం కూడా. ఎందుకు చెప్పిండో చెప్తా, నా తెలివితక్కువ పని అది.

మాది కోరుట్ల. బాపమ్మ సిరిసిల్లలో ఉంటది. తాత అక్కడ సాంచెల మీద పనిచేసి చనిపోయిండు, నేను చూడలేదు. ఆయనది ఒకటే ఫొటో, మామ తీసి కడిగిన బ్లాక్ అండ్ వైట్ ప్రింటు. మొన్న సెలవుల్లో దాన్ని ఫోన్‌తో తీసి, ఇంట్లోనే యాప్‌లో క్లీన్ చేసి, ఒరిజినల్ మీదనే సేవ్ కొట్టిన. తర్వాత సరిగ్గా స్కాన్ చేద్దామని ఫ్రేం విప్పితే చెమ్మకు ప్రింటు అద్దానికి అతుక్కుని ఉంది. లాగిన. ముఖం అద్దానికే ఉండిపోయింది. ఫోన్‌లో ఉన్నది చూపిస్తే బాపమ్మ ఈయన మీ తాత కాదన్నది. చెంప మీది పుట్టుమచ్చను యాప్ మరక అనుకుని తీసేసింది.

దీన్ దయాళ్ మొదలుపెట్టిన రోజుల్లో ఒరిజినల్ అంటే గాజు పలక. దానికి కొలోడియన్ పూసి, వెండి ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి డెవలప్ చేయాలి. పది పదిహేను నిమిషాలే టైం. ఊరు దాటితే డార్క్‌రూం గుడారం వెంట మోసుకుపోవాల్సిందే. తర్వాత డ్రై ప్లేట్లు వచ్చి కొంచెం సులువైంది. ప్రింటు వేసేది కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద. పలకను దానికి ఆనించి ఎండలో పెడితే బొమ్మ దిగేది. ఎన్‌లార్జర్ లేదు, పలక ఎంతో ప్రింటు అంతే. అందుకే పెద్ద పెద్ద పలకలు మోసేవారు. టచింగ్ అప్పుడూ ఉంది, స్టూడియోల్లో నెగెటివ్ మీద పెన్సిల్‌తో ముడతలు సరిచేసేవాళ్ళు. కాబట్టి పాతవాళ్ళు అంతా నిజమే చూపించారని నేననను.

1875-76లో వేల్స్ యువరాజు టూర్ తీశారు, తర్వాత మధ్య భారతం గుళ్ళు, కోటలు. ఉద్యోగం వదిలి సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యి పులి వేటలు, ఫలక్‌నుమా గదులు, కరువు పనులు కూడా తీశారు. నాకు బాగా నచ్చింది జనానా స్టూడియో. 1892లో హైదరాబాద్‌లో పరదా ఆడవాళ్ళ కోసం పెట్టారు, లోపల ఫొటో తీసేది ఒక ఇంగ్లీషు ఆమె. 1894లో నిజాం ఇచ్చిన బిరుదు రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్. 1896లో బొంబాయిలో ఇంకో స్టూడియో, మరుసటి ఏడు విక్టోరియా రాణి వారెంట్. 1904లో కొడుకు ధరమ్ చంద్ పోయారు, 1905 జూలైలో ఆయన కూడా.

పలకలు మాత్రం ఉన్నాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 2,857 గాజు నెగెటివ్‌లు కొన్నది. వంద ఏళ్ళ కిందటి పలక నుంచి ఈ రోజు కూడా ప్రింటు తీయొచ్చు. నా ఫోన్‌లో ఉన్నదానికి వెనక్కి పోయే దారి లేదు.

మామ తిట్టలేదు. స్టూడియో మూసినా నెగెటివ్‌లు పారేయలేదంట. డబ్బాల్లో కవర్లు, కవర్ల మీద తేదీలే ఉన్నాయి, పేర్లు లేవు. ఆదివారం ఆదివారం జగిత్యాల బస్సెక్కి పోతున్న. ట్యూబ్‌లైట్‌కు పెట్టి ఒక్కొక్కటి చూస్తున్నం. నెగెటివ్‌లో ముఖం నల్లగా, పుట్టుమచ్చ తెల్లగా ఉంటదని మామ చెప్పిండు, అదే వెతుకుతున్న. ఇంకా రెండు డబ్బాలున్నాయి.