కీటకముల నెరిగిన గురువు – ఫాబ్రె

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల ప్రత్తిచేలలో లింగాకర్షక బుట్టలను కట్టు రైతులు కలరు. మగ రెక్కల పురుగులు తమంత తామే వచ్చి వానిలో చిక్కుకొనును. వానిని రప్పించునది మన ముక్కున కందని యొక వాసన. అట్టి వాసన జాడను ఓపికతో వెదకిన మహనీయుడు ఫ్రాన్సు దేశపు ఉపాధ్యాయుడు హెన్రీ ఫాబ్రె.

ఆయన 1823వ సంవత్సరమున దక్షిణ ఫ్రాన్సులో నొక పేద కుటుంబమున జన్మించెను. లేమి వెన్నాడినను చదువు విడువక, ఇరువదియేండ్లు నిండకమునుపే బడిపంతులయ్యెను. అవిన్యోను పట్టణమున బాలికలకు పువ్వులు కాయలగు విధమును బోధించినందుకు కొందరు పెద్దలు ఆగ్రహింపగా, ఆయన కొలువును, ఇంటిని గూడ విడువవలసివచ్చెను. పిమ్మట పుస్తకములు వ్రాసి కుటుంబమును పోషించెను. 1879లో సెరిన్యాను గ్రామమున రాళ్లతో నిండిన బీడునేలను కొని, దానినే ప్రయోగశాలగా జేసికొనెను.

ఒక మే నెల ఉదయమున ఆయన యింట పెద్ద రెక్కల పురుగు, ఆడది, గూటినుండి వెలువడెను. ఫాబ్రె దానిపై తీగెవల మూత నుంచెను. ఆ రాత్రి కటిక చీకటిలో సుమారు 40 మగ పురుగులు వచ్చి యింట మూగెను. వానిని పిలిచిన దెవరు? ఆడ పురుగును గాలి చొరని పెట్టెలో నుంచగా ఒక్కటియు రాలేదు. వాసనయే కారణమేమో యని తలంచి, గదిలో ఘాటైన నాఫ్తలీను నుంచెను. అయినను మగ పురుగులు దారి తప్పలేదు. ఫాబ్రె తొందరపడి తీర్పు చెప్పలేదు.

కొన్నియేండ్లకు మరియొక జాతి పురుగు లభించెను. ఈసారి ఆడ పురుగును కంటి కగపడునట్లు గాజుమూతలో నుంచెను. మగవి దానిని దాటిపోయి, రాత్రి అది వసించిన ఖాళీ చోటునకే చేరెను! కన్ను గాక వాసనయే వానికి మార్గదర్శియని అంతట స్పష్టమయ్యెను.

ఫాబ్రె 1915లో మరణించెను. 1959లో జర్మను శాస్త్రజ్ఞుడు బుటెనాంట్, సుమారు 5 లక్షల పట్టుపురుగుల నుండి అట్టి పదార్థమును వేరుచేసెను. ఆ యేడే ఇట్టి పదార్థములకు ఫెరోమోనులను పేరు వచ్చెను. వాని అణువులు మగ పురుగు మీసములపై నున్న సన్నని వెండ్రుకలను చేరగా, అందలి కణములు మెదడునకు వార్త నందించును.

నేడు గులాబిరంగు పురుగునకు అట్టి పదార్థమునే కృత్రిమముగా తయారుచేసి బుట్టలలో నుంచుచున్నారు. చిక్కిన పురుగులను లెక్కించి, రైతు చీడ రాకను ముందే గ్రహించును. కొలువు పోయినను ప్రశ్నను విడువని యొక బడిపంతులు పరిశ్రమకు ఈ బుట్టయు ఋణపడియున్నది.