ఆంటొనీ ట్రాలపు చరిత్రము

పగలెల్ల ఉద్యోగమునకు వెచ్చించువారు గ్రంథరచనకు తీరిక లేదని చెప్పుట లోకమున సాధారణము. వ్రాయవలెనను కోరికయు, చెప్పదగిన విషయమును గలిగియుండియు, సెలవులు వచ్చిన వ్రాయుదమని యెదురుచూచుచునే ముదిమి నొందినవారు పెక్కండ్రు గలరు. అట్టివారికి ఉపకరించునని తలంచి, దాదాపు ముప్పదిమూడేండ్లు తపాలాశాఖలో పనిచేయుచునే ఇంగ్లీషు నవలాకర్తలలో ప్రసిద్ధికెక్కిన ఆంటొనీ ట్రాలపు చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఈయన 1815వ సంవత్సరము ఏప్రిలు 24వ తేదీని లండను నగరమున జన్మించెను. తండ్రి న్యాయవాది. విద్వాంసుడే యయ్యును కోపిష్ఠి యగుటచేత కక్షిదారులాయనను విడిచిరి. పిమ్మట సేద్యమునకు దిగి అందును నష్టపడెను. ఆంటొనీ హారో పాఠశాలలో ధనికుల బిడ్డల నడుమ మాసిన బట్టలతో కూర్చుండి అవమానముల ననుభవించెను. తోడి యాటలకు నోచుకొనని యా బాలుడు తనలో తానే కథలు కల్పించుకొనుచు, ఒకే కథను వారముల తరబడి నడపుకొనుచుండెడివాడు. ఆ యలవాటే తరువాత నాయనకు జీవనాధారమయ్యెను.

1834లో తండ్రి ఋణదాతలకు వెరచి బెల్జియము దేశమునందలి బ్రూజి పట్టణమునకు వెడలిపోయెను. కుటుంబభారము తల్లియగు ఫ్రాన్సెసు మీద పడెను. ఏబదియేండ్లు దాటిన పిమ్మట మొదటి గ్రంథమును ప్రకటించిన ఆ యిల్లాలు, క్షయరోగముతో మరణోన్ముఖుడైయున్న కుమారునకును, రోగియైన భర్తకును ఉపచారములు చేయుచు, ఆ నడుమనే నవలలు వ్రాసి యిల్లు గడపెను. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, ఇంటివారు మేల్కొనులోపల నాటి వ్రాతపని ముగించుట ఆమెకు వాడుక. కుమారుడు ధనమునకు మారుగా ఆమెనుండి పొందిన యాస్తి యిదియే.

అయినను ఆ యాస్తి యాయనకు వెంటనే అక్కరకు రాలేదు. 1834లోనే సాలునకు 90 పౌనుల జీతముపై లండను తపాలా కచ్చేరిలో గుమాస్తాగా ప్రవేశించి, ఏడేండ్లు చెడ్డపేరుతో గడపెను. వేళకు పనికి వచ్చుటలేదని పైయధికారులు మందలించుచుండిరి. ఒక స్వల్పమైన అప్పు వడ్డీలతో పెరిగి 200 పౌనులకు పైగా చెల్లింపజేసెను. చదువరులు ఈ విషయమును గమనింపవలెను. క్రమశీలమునకు మాదిరిగా పేర్కొనబడు ఈ పురుషుడు పుట్టుకతో క్రమశీలుడు కాడు.

1841లో ఆయన కోరి ఐర్లండునకు బదిలీ చేయించుకొనెను. అచ్చట గుఱ్ఱముపై ఊరూర తిరిగి ఉత్తరముల పంపిణీని తనిఖీచేయుట ఆయన పని. ఆ పనియందు గౌరవము కలుగగా మనిషి మారెను. 1844లో వివాహమాడెను. 1847లో మొదటి నవల వెలువడెను గాని దానివలన ఒక్క కాసైనను రాలేదు. తరువాతి రెండు గ్రంథములును అట్లే విఫలములయ్యెను. అయినను కలము విడువలేదు. 1855లో ప్రకటించిన ‘ది వార్డెన్’ అను నవలతో కొంత పేరు కలిగెను.

ఇక ఆయన వ్రాయు పద్ధతిని చెప్పవలసియున్నది. 1859లో లండను సమీపమున వాల్తం క్రాసునందు కాపురము పెట్టినది మొదలు, ఉదయము అయిదున్నరకు బల్లయొద్ద కూర్చుండెడివాడు. తన్ను లేపి కాఫీ తెచ్చియిచ్చుటకై ఒక ముసలి సేవకునికి ఏటికి 5 పౌనులు అదనముగా నిచ్చుచుండెను. మొదటి అరగంట ముందునాటి వ్రాతను చదువుకొనుటకు. పిమ్మట గడియారము నెదుట నుంచుకొని పావుగంటకు 250 మాటల చొప్పున వ్రాయుచు, మూడు గంటలలో పని ముగించి ఫలాహారమునకు లేచెడివాడు. ఏ దినమున ఎన్ని పుటలు వ్రాసెనో ఒక పుస్తకమున లెక్క వ్రాసికొనుచుండుటచేత, సోమరితనము తన కన్నులకే కనబడి సిగ్గు కలిగించుచుండెను.

ఉద్యోగరీత్యా రైళ్లలో తిరుగవలసివచ్చినప్పుడు మోకాళ్లపై చిన్న పలక నుంచుకొని పెన్సిలుతో వ్రాసెడివాడు. దానిని భార్య శుభ్రప్రతి యెత్తెడిది. 1857లో వెలువడిన ‘బార్చెస్టర్ టవర్స్’ చాలవరకు ఇట్లు వ్రాయబడినదే. 1858లో తపాలా ఒడంబడికకై ఈజిప్టునకు పోవునపుడు, ఓడలో వాంతులతో బాధపడుచు నడుమనడుమ లేచిపోయి వచ్చి మరల వ్రాయుచుండెను. అచ్చట ఒక నవలను ముగించి మరునాడే వేరొకదాని నారంభించెను.

ఇందువలన ఉద్యోగమునకు లోపము కలిగెనని తలపరాదు. 1852లో జెర్సీ ద్వీపమున వీథులలో తపాలాపెట్టెలు తొలుత నిలుపబడుటకు ఆయన సిఫారసే కారణము. 1864లో తాను కోరిన పై పదవి దొరకకపోగా నొచ్చుకొని, 1867లో పింఛనును సయితము వదలుకొని రాజీనామా యిచ్చెను.

ఆయన వ్రాసిన 47 నవలలును సమానములు కావు. తొందరపాటు కొన్నిట స్పష్టముగా కనబడును. 1882వ సంవత్సరము డిసెంబరు 6వ తేదీని ఆయన మృతినొందగా, మరుసటియేట స్వీయచరిత్రము వెలువడెను. గడియారమును, పుటల లెక్కను, సంపాదించిన దాదాపు 69,000 పౌనుల పట్టికయు అందు దాపరికము లేక చెప్పబడెను. కవిత్వము దైవావేశమువలననే కలుగునని నమ్మినవారు దానికి రోసిరి. ఆయన కీర్తి చాలకాలము మసకబారి, ఇరువదవ శతాబ్దమున మరల ప్రకాశించెను. ఆయనను నిందించినవారు గమనింపనిది ఒకటి కలదు. ఆ మూడు గంటలు చేతికి మాత్రమే. గుఱ్ఱముపైనను, దారులవెంటను, బాల్యమునందు వలెనే కథాపాత్రలతో నిరంతరము సహవాసము చేయుటచేతనే కలము ఆగక సాగెను.

తీరిక దొరకునది కాదు. ముందుగా తీసి వేరుగా నుంచుకొనవలసినది. జీతమునకు చేయు పనికి వేళకు పోవుదుము గదా. మనకై మనము కోరుకొన్న పనికి మాత్రము వేళ నియమించుట నామోషీగా తలంచుట ఏమి న్యాయము? మూడు గంటలు లేనివారికి అరగంటయైన నుండును. సోమరియైన గుమాస్తా యొకడు మారగలిగినపుడు మనము మారలేమనుట సరికాదని మా యభిప్రాయము.