మెహర్‌బాయి టాటా

ఇంజనీరునైన నాకు టాటా అంటే ఉక్కే. అమ్మను ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడే మెహర్‌బాయి కథ తెలిసింది.

1879లో పుట్టిన ఆమె దొరాబ్జీ టాటా భార్య. 1924లో ఉక్కు కంపెనీకి జీతాలివ్వడానికీ డబ్బు కరువైతే, కోహినూరుకంటే పెద్దదైన తమ జూబిలీ వజ్రాన్ని కూడా ఆ దంపతులు తాకట్టు పెట్టారు. తర్వాత ఆమెకు రక్తక్యాన్సర్ వచ్చింది. వేల్స్‌లోని నర్సింగ్‌హోమ్‌లో చికిత్స చేశారు. ఎంత డబ్బు పోసినా ఆ జబ్బును నయంచేసే మందు అప్పటికి లేదు. 1931లో అక్కడే కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆమె పేరిట రక్తక్యాన్సర్ పరిశోధనకు ట్రస్టు పెట్టిన దొరాబ్జీ, ఆమె సమాధి చూడటానికి వెళ్తూ జర్మనీలో పోయారు. 1941లో ఆయన ట్రస్టు పరేల్‌లో ఆసుపత్రి తెరిచింది.

వేల్స్‌లో ఆమెకు దొరకని వైద్యానికి మా అమ్మ సికింద్రాబాదులో రైలెక్కితే చాలింది. మాస్టారూ, మన బడి పిల్లలకు ఈ పేరు కూడా చెప్పండి.