మహాదేవ్ దేశాయి

మహాదేవ్ హరిభాయి దేశాయి (జనవరి 1, 1892 - ఆగష్టు 15, 1942) భారత స్వాతంత్ర్య సమరయోధుడు, రచయిత, అనువాదకుడు, పాత్రికేయుడు. 1917 నుండి మరణించేవరకు, దాదాపు పాతికేళ్ళపాటు, మహాత్మా గాంధీకి ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేశాడు. స్వార్థం లేని సేవకు, ఆత్మత్యాగానికి ఈయన పేరును ఉదాహరణగా చెబుతారు.

బాల్యం, విద్యాభ్యాసం

మహాదేవ్ గుజరాత్‌లోని సూరత్ జిల్లా సరస్ గ్రామంలో జన్మించాడు. తండ్రి హరిభాయి ఉపాధ్యాయుడు. తల్లి జమునాబెన్ ఈయన చిన్నతనంలోనే మరణించింది. 1905లో దుర్గాబెన్‌తో బాల్యవివాహం జరిగింది. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో పట్టభద్రుడై, 1913లో న్యాయశాస్త్ర పట్టా పొందాడు. కొంతకాలం అహ్మదాబాదులో న్యాయవాద వృత్తి చేసి, ఆ తరువాత సహకార బ్యాంకులో ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు.

గాంధీజీ సన్నిధిలో

జాన్ మోర్లే ఆంగ్ల గ్రంథానికి తాను చేసిన గుజరాతీ అనువాదం విషయమై 1915లో గాంధీజీని కలుసుకున్నాడు. ఆ పరిచయమే ఈయన జీవితాన్ని మలుపు తిప్పింది. 1917 నవంబరులో ఉద్యోగం విడిచి, భార్యతో సహా గాంధీజీ వెంట చంపారన్ వెళ్ళాడు. అప్పటినుండి ఉత్తర ప్రత్యుత్తరాలు, పత్రికలకు వ్యాసాలు, అతిథుల ఆదరణ, ప్రయాణ ఏర్పాట్లు వంటి పనులన్నీ ఈయనే చూసుకొనేవాడు. 1921లో అలహాబాదులో మోతీలాల్ నెహ్రూ స్థాపించిన ఇండిపెండెంట్ పత్రిక బాధ్యత వహించాడు. ప్రభుత్వం ముద్రణాలయాన్ని స్వాధీనం చేసుకోగా, పత్రికను చేతిరాతతో వెలువరించి కారాగార శిక్ష అనుభవించాడు. 1931లో గాంధీజీతో కలిసి లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళాడు.

గాంధీజీ సేగాఁవ్ (తరువాత సేవాగ్రామ్) చేరిన కొత్తలో, వార్ధాలో నివసించే మహాదేవ్ మండుటెండలో సైతం రానుపోను సుమారు 11 మైళ్ళు కాలినడకన తిరిగి పనులు చక్కబెట్టేవాడు. ఈ శ్రమ వలన ఆరోగ్యం దెబ్బతిన్నా విశ్రాంతి తీసుకొనడానికి ఇష్టపడేవాడు కాదు.

1938లో కస్తూర్బా, దుర్గాబెన్ పూరీ జగన్నాథాలయంలోనికి వెళ్ళారు. హరిజనులకు ప్రవేశం లేని ఆలయం కావడంతో గాంధీజీ తీవ్రంగా బాధపడి, వారికి ముందుగా నచ్చజెప్పనందుకు మహాదేవ్‌ను తప్పుపట్టాడు. మహాదేవ్ సెలవు తీసుకొంటానని తెలిపాడు గాని, గాంధీజీ అంగీకరించలేదు. ఈ ఉదంతాన్ని మహాదేవ్ స్వయంగా హరిజన్ పత్రికలో రాశాడు. ఈయన భక్తిలో మనస్తాపానికీ, భిన్నాభిప్రాయానికీ చోటు ఉండేదని దీనివలన తెలుస్తుంది.

రచనలు

1917 నుండి మరణానికి ముందురోజు వరకు రాసిన దినచర్య గాంధీజీ జీవితానికి ప్రధాన ఆధారాలలో ఒకటి. దీనికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం మరణానంతరం లభించింది. గాంధీజీ ఆత్మకథలో అధిక భాగాన్ని ఆంగ్లంలోకి అనువదించాడు. బార్డోలీ సత్యాగ్రహ చరిత్రను రచించాడు. గాంధీజీ గీతా వ్యాఖ్యకు ఈయన చేసిన ఆంగ్లానువాదం 1946లో వెలువడింది.

మరణం

క్విట్ ఇండియా తీర్మానం దరిమిలా 1942 ఆగష్టు 9న గాంధీజీతోపాటు అరెస్టయి, పూణేలోని ఆగాఖాన్ ప్యాలెస్‌లో నిర్బంధించబడ్డాడు. ఆరు రోజులకే గుండెపోటుతో మరణించాడు. అప్పటికి ఈయన వయసు 50 సంవత్సరాలు. తండ్రికి కొడుకు చేయవలసిన సేవను, కొడుకు వంటి శిష్యునికి గాంధీజీ చేయవలసివచ్చింది. ఆ భవన ఆవరణలోనే అంత్యక్రియలు జరిగాయి. 1944లో అక్కడే మరణించిన కస్తూర్బా సమాధి కూడా ఈయన సమాధి పక్కనే ఉంది. సరిగ్గా ఐదేళ్ళ తరువాత, ఈయన వర్ధంతి రోజునే, భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. కుమారుడు నారాయణ్ దేశాయి (1924-2015) రచించిన తండ్రి జీవితచరిత్రకు కూడా సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.