ఇంటిపేరులో నిలిచిన ఊరు

బైయప్పనహళ్ళిలో 2022లో తెరచిన రైలు స్టేషనుకు సర్ ఎం. విశ్వేశ్వరయ్య టెర్మినల్ అని పేరు. రైల్వే కొలువులో నున్న మేము ఆ పేరు ఎన్నిమార్లు వ్రాసితిమో లెక్క లేదు. అందలి ‘ఎం.’ అను పొడి అక్షరములో ఒక తెలుగు ఊరున్నది. అది గిద్దలూరు ప్రాంతమునందలి మోక్షగుండం. విశ్వేశ్వరయ్యగారి పూర్వులు కొన్ని తరములకు ముందే అచటినుండి మైసూరు సీమకు వలస వచ్చిరి. ఊరు వెంట రాలేదు. ఊరి పేరు ఇంటిపేరై వచ్చినది.

ఆయన 1861లో చిక్కబళ్ళాపురము చెంతనున్న ముద్దేనహళ్ళిలో శ్రీనివాసశాస్త్రి, వెంకటలక్ష్మమ్మ దంపతులకు జన్మించిరి. చిన్ననాడే తండ్రి గతించిరి. బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో చదువుచునే పిల్లలకు పాఠములు చెప్పి పొట్ట పోసికొనిరి. పిదప పూనాలో చదివి ఇంజనీరైరి.

1908లో మూసీ పొంగి హైదరాబాదును ముంచినప్పుడు, మరల అట్టి ముప్పు రాకుండ జలాశయములు కట్టు పథకము వేసియిచ్చిరి. 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా నుండిరి. ఆ కాలముననే మైసూరు బ్యాంకు, మైసూరు విశ్వవిద్యాలయము, కన్నడ సాహిత్య పరిషత్తు వెలసినవి. 1955లో భారతరత్న బిరుదమందిరి. 1962లో బెంగుళూరులోనే కన్నుమూసిరి.

కన్నడిగులు ఆయనను తమవాడందురు, మనము మనవాడందుము. రెండును నిజమే. పుట్టిన గడ్డకు ఊడిగము చేయుటకు ఆయన ఇంటిపేరు అడ్డు రాలేదు. ఆ గడ్డయు ఆ పేరును చెరపలేదు.

మహదేవపురలో పెరుగుచున్న మన పిల్లలలో పెక్కురకు ఇంటిపేరు బడి పట్టీలోని ఒక పొడి అక్షరము మాత్రమే. చెప్పగల పెద్దలు ఏటేట తరుగుచున్నారు. ఈ ఉగాదినాడు పచ్చడి పంచిన పిమ్మట వారిని కూర్చుండబెట్టి, తాతముత్తాతల ఊళ్ళ పేర్లడిగి వ్రాసికొందము.