మట్టికి మిత్రుడు – సర్ ఆల్బర్ట్ హోవార్డ్

పేరులోనే ప్రత్తిని నిలుపుకొన్న మన ప్రత్తిపాడు ప్రాంతంలో, తీతలు ముగిసిన పిదప ప్రత్తికట్టె అనేక చోట్ల పొలంలోనే అగ్నికి ఆహుతి కావడం మనం ఎరిగినదే. ఆ కట్టెనే మేలైన ఎరువుగా మార్చి చూపిన ఒక మహనీయుని జీవితాన్ని విద్యార్థి లోకానికి పరిచయం చేయడం మా సంకల్పం.

ఆల్బర్ట్ హోవార్డ్ 1873 డిసెంబరు 8న ఇంగ్లండులోని ష్రాప్‌షైర్‌లో కర్షక కుటుంబంలో జన్మించారు. కేంబ్రిడ్జిలో విద్యనభ్యసించి, వెస్టిండీసులో మొక్కల తెగుళ్ళను పరిశోధించారు. తాను రైతుకు చెప్పే సలహాను ముందుగా తానే సాగుచేసి పరీక్షించుకొనేందుకు సొంత పొలం లేకపోవడం ఆయనను బాధించింది. 1905లో బీహారులోని పూసా పరిశోధనాలయానికి వచ్చాక ఆ కొరత తీరింది. పురుగుమందుల ఊసే ఎరుగని చుట్టుపట్ల రైతులు ఆరోగ్యవంతమైన పైర్లు పండించడం గమనించి, వారినే గురువులుగా స్వీకరించారు. ధర్మపత్ని గాబ్రియెల్ కూడా వృక్షశాస్త్రవేత్తయే. ఇరువురూ కలిసి మేలురకపు గోధుమలను రూపొందించారు.

1924లో ప్రత్తి సంఘం ఆర్థిక సహాయంతో ఇండోర్‌లో నెలకొన్న సంస్థకు ఆయన అధిపతి అయ్యారు. గట్టిదైన ప్రత్తికట్టె సులభంగా కుళ్ళదు. అందుచేత దానిని బాటలపై పరచి, బండిచక్రాల క్రింద నలగనిచ్చేవారు. నలిగిన కట్టెను ఎడ్ల క్రింద పరుపుగా వేసి, ఆపై మూత్రంతో తడిసిన మట్టి, బూడిద, పేడనీరు చేర్చి, 30 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు గల గుంటలలో నింపేవారు. గాలి, తేమ అందేటట్లు మూడు పర్యాయాలు తిరగవేస్తే, సుమారు మూడు నెలలలో నల్లని ఎరువు సిద్ధమయ్యేది. ఇదే ఇండోర్ పద్ధతి. 1930లో పత్నీ వియోగం కలిగినా కుంగిపోక, మరుసటి సంవత్సరమే సహచరుడు వై. డి. వాడ్‌తో కలిసి ఈ విధానాన్ని గ్రంథంగా వెలువరించారు. కాఫీ, తేయాకు తోటలవారు సైతం దానిని అనుసరించారు. 1934లో సర్ బిరుదు పొందిన హోవార్డ్, 1947 అక్టోబరు 20న కన్నుమూశారు.

మొక్కల వ్యర్థంతో జంతువుల వ్యర్థం కలిస్తేనే మట్టికి పుష్టి అన్నది ఆయన సిద్ధాంతసారం. పాడుబడిన కోటలలో, గుహలలో పేరుకొనే గబ్బిలాల పెంటకూ ఇది వర్తిస్తుంది. అందులో నత్రజని, భాస్వరం మెండు. నేరుగా మొక్క మొదట గుప్పిస్తే వేళ్ళు మాడవచ్చును. కొద్దికొద్దిగా ఆకుచెత్తతో కలిపి మాగనిచ్చి వాడితే తోటకు మేలు. దాని ధూళి ఊపిరితిత్తులకు హానికరం గనుక దానిని పీల్చకుండా జాగ్రత్తపడాలి. పంటపురుగులను భక్షించే ఆ ప్రాణులను బెదరించరాదు.

ఉర్దూలో ఖాద్ అన్నా, తెలుగులో ఎరువు అన్నా నేలతల్లికి అందే ఆహారం ఒక్కటే. రైతుబిడ్డలైన మన విద్యార్థులు ఈ వేసవిలో తమ చేని ప్రత్తికట్టెకు నిప్పుపెట్టే ముందు ఒక్క గుంటనైనా త్రవ్వి చూడగలరని ఆశిస్తున్నాము.