గాస్టన్ ప్లాంటే

గాస్టన్ ప్లాంటే (ఏప్రిల్ 22, 1834 - మే 21, 1889) ఫ్రాన్సు దేశానికి చెందిన భౌతిక శాస్త్రవేత్త. తిరిగి చార్జి చేసుకొనుటకు వీలైన సీసము-ఆమ్లము బ్యాటరీని 1859లో కనుగొన్నాడు. తిరిగి చార్జి చేయగల బ్యాటరీలలో ఆచరణలో నిలిచిన మొదటిది ఇదే. కార్లు, ఇళ్ళలోని ఇన్వర్టర్లు, చౌకరకం విద్యుత్ సైకిళ్ళు, ఈ-రిక్షాలలో కనిపించే బరువైన బ్యాటరీలన్నిటికీ ఈ ఘటమే మూలము.

బాల్యము, ఉద్యోగము

ప్లాంటే ఫ్రాన్సు నైఋతి భాగంలోని ఓర్తెజ్ పట్టణంలో జన్మించాడు. ప్రసిద్ధ పియానో విద్వాంసుడు ఫ్రాన్సిస్ ప్లాంటే ఇతని తమ్ముడు. 1854లో పారిస్‌లోని కళలు, వృత్తుల కన్సర్వేటరీలో ఎడ్మండ్ బెకెరెల్ వద్ద భౌతిక శాస్త్ర సహాయకుడుగా చేరాడు. రేడియోధార్మికతను కనుగొన్న హెన్రీ బెకెరెల్ ఈ ఎడ్మండ్ కుమారుడే. 1860లో ప్లాంటే, సామాన్య ప్రజలకు విద్య బోధించే పాలిటెక్నిక్ అసోసియేషన్‌లో ఆచార్యుడయ్యాడు.

విశేషమేమంటే ఇతని పేరు మొదట ప్రచారంలోకి వచ్చింది విద్యుత్తు వలన కాదు. 1855లో పారిస్ సమీపంలోని మ్యూడాన్ వద్ద ఎగరలేని ఒక భారీ పక్షి శిలాజము ఇతనికి దొరికింది. ఆ ప్రాచీన పక్షి జాతికి ఇతని పేరు మీదుగానే గాస్టోర్నిస్ అని నామకరణం చేశారు. అప్పటికి ప్లాంటే వయస్సు సుమారు 20 సంవత్సరాలు.

బ్యాటరీ ఆవిష్కరణ

ఆ కాలంలో విద్యుత్తు కావలసినవారు బున్‌సెన్ ఘటము వంటి ప్రాథమిక ఘటాలను వాడేవారు. వాటిలోని జింకు కరిగిపోతే ఘటము పని ముగిసినట్లే. మళ్ళీ కొత్త లోహము, కొత్త ఆమ్లము సమకూర్చుకోవలసిందే. ఆమ్లంలో ముంచిన లోహపు పలకల గుండా విద్యుత్తును పంపి, ఆపిన తరువాత ఆ పలకలు కొద్దిసేపు ఎదురు విద్యుత్తును ఇస్తాయని 1803లో జర్మను శాస్త్రవేత్త రిట్టర్ గమనించాడు. 1854లో సిన్‌స్టెడెన్ సీసపు పలకలతో ఇదే చూశాడు. ప్లాంటే వివిధ లోహాలను ఒకదానితో ఒకటి పోల్చి చూసి, ఈ గుణము సీసంలో అన్నిటికంటే బలంగా, ఎక్కువసేపు ఉంటుందని తేల్చాడు.

అతని తొలి ఘటము నిర్మాణము చాలా సులువైనది. రెండు పలుచని సీసపు రేకుల మధ్య ముతక నారగుడ్డను పెట్టి, చాపలాగా చుట్టి, సజల గంధకికామ్లము పోసిన గాజు జాడీలో నిలబెట్టాడు. తరువాత గుడ్డకు బదులు రబ్బరు పట్టీలు వాడాడు. చార్జి చేసినప్పుడు ఒక రేకు మీద గోధుమరంగు సీసపు డయాక్సైడు, రెండవదాని మీద స్పంజిలాంటి శుద్ధ సీసము ఏర్పడతాయి. విద్యుత్తు వాడుకొన్నప్పుడు రెండూ సీసపు సల్ఫేటుగా మారతాయి. చార్జి చేస్తే మళ్ళీ మొదటి స్థితికి వస్తాయి. ఒక్కొక్క ఘటము సుమారు 2 వోల్టులు ఇస్తుంది. 1860లో ప్లాంటే తొమ్మిది ఘటాల బ్యాటరీని ఫ్రెంచి శాస్త్ర అకాడమీకి సమర్పించాడు.

ఎదురైన ఇబ్బందులు

ఈ ఆవిష్కరణ రెండు దశాబ్దాలపాటు ఎక్కువగా ప్రయోగశాలలకే పరిమితమైంది. ఇందుకు కారణాలు రెండు. మొదటిది, నున్నని సీసపు రేకు చాలా తక్కువ విద్యుత్తును దాచుకొంటుంది. దాని ఉపరితలాన్ని గుల్లబార్చడానికి మాటిమాటికీ చార్జి చేయడం, ఖాళీ చేయడం, దిశను తిప్పి మళ్ళీ చార్జి చేయడం, మధ్యమధ్య విశ్రాంతినివ్వడం అవసరమయ్యేది. దీనికి నెలలు పట్టేది. రేకులను ముందుగా సజల నత్రికామ్లంలో ఉంచితే ఈ పని త్వరగా అవుతుందని ప్లాంటే తరువాత కనుగొన్నాడు.

రెండవది ఇంకా పెద్ద చిక్కు. బ్యాటరీ ఉన్నది గానీ దానిని చార్జి చేసే యంత్రము లేదు. మంచి డైనమోలు 1870లలోనే వచ్చాయి. అంతవరకు ఈ కొత్త బ్యాటరీని పాత బున్‌సెన్ ఘటాలతోనే నింపవలసి వచ్చేది. ప్లాంటే దీనికొక ఉపాయం కనిపెట్టాడు. ఇరవై ఘటాలను సమాంతరంగా కలిపి రెండే రెండు బున్‌సెన్ ఘటాలతో చార్జి చేసి, ఒక మీట తిప్పి వాటిని వరుసగా కలిపేవాడు. దానితో సుమారు 40 వోల్టులు వచ్చేవి. ఇతడు తయారుచేసిన ఒక విద్యుత్ అగ్గిపెట్టెకు శనిగ్రహం పేరు పెట్టాడు. పాతకాలపు రసవాదులు సీసానికి వాడిన పేరు అదే.

వాహనాలలో వాడుక

1881 ఏప్రిల్‌లో గుస్తావ్ త్రూవే పారిస్‌లోని వాల్వా వీధిలో మూడు చక్రాల సైకిలుకు చిన్న మోటారు, ప్లాంటే రకపు ఘటాలు అమర్చి నడిపాడు. నేటి విద్యుత్ సైకిలుకు ఇది పూర్వరూపము. అదే సంవత్సరం కెమీల్ ఫోర్ రేకుల మీద సీసపు ఆక్సైడు ముద్దను పూసే పద్ధతిని తెచ్చాడు. నెలల పని తగ్గి, బ్యాటరీ కర్మాగారంలో తయారయ్యే వస్తువుగా మారింది. ప్లాంటే చనిపోయిన పదేళ్ళకు, 1899లో, కెమీల్ జెనాట్జీ సీసపు బ్యాటరీల కారులో గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని దాటాడు.

విద్యుత్ సైకిళ్ళలో, చిన్న స్కూటర్లలో నాలుగు 12 వోల్టుల సీసపు బ్యాటరీలను వరుసగా కలిపి 48 వోల్టులు పొందుతారు. అంటే లోపల ప్లాంటే ఘటము వంటివి 24 ఉన్నట్లు లెక్క. వీటిలో ఒక్క ఘటము బలహీనపడినా మొత్తం వరుస దెబ్బతింటుంది. కనుక పాతవాటితో ఒక కొత్త బ్యాటరీని కలపడం మంచిది కాదు. ఖాళీ అయిన బ్యాటరీని వారాల తరబడి వదిలేస్తే సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా మారి తిరిగి కరగదు. మరమ్మత్తుకు వచ్చే సీసపు బ్యాటరీలలో ఈ లోపము చాలా సాధారణము. ఒక కిలో బరువుకు సీసపు బ్యాటరీ 30-40 వాట్-గంటలు మాత్రమే దాచగలదు. లిథియం బ్యాటరీ దీనికి అనేక రెట్లు దాస్తుంది. అందుకే తేలిక ముఖ్యమైన సైకిళ్ళలో లిథియం, ధర ముఖ్యమైనచోట సీసము ఎంచుకొంటున్నారు.

ఇతర పరిశోధనలు

ప్లాంటే 800 ఘటాలను కలిపి అధిక వోల్టేజి ప్రయోగాలు చేశాడు. అభ్రకపు కెపాసిటర్లను సమాంతరంగా చార్జి చేసి వరుసగా ఖాళీ చేసే రియోస్టాటిక్ యంత్రాన్ని నిర్మించాడు. ఇది నేటి మార్క్స్ జనరేటరుకు ముందురూపము. బంతి మెరుపులు, ధృవ జ్యోతుల వంటి వాతావరణ విద్యుత్ దృశ్యాలను ప్రయోగశాలలో పోలిక పట్టి వివరించే ప్రయత్నం చేశాడు. విద్యుత్తుపై తన పరిశోధనలను 1879లో గ్రంథంగా ప్రచురించాడు.

మరణము, గుర్తింపు

ప్లాంటే 1889 మే 21న మ్యూడాన్‌లోని బెల్‌వ్యూలో మరణించాడు. అప్పటికి అతని వయస్సు 55 సంవత్సరాలు. చంద్రుని ఆవలివైపు ఉన్న ఒక బిలానికి ఇతని పేరు పెట్టారు. సీసపు బ్యాటరీల పరిశోధనలో కృషి చేసినవారికి బల్గేరియా శాస్త్ర అకాడమీ 1989 నుండి గాస్టన్ ప్లాంటే పతకాన్ని ఇవ్వసాగింది.